రాతి గోడలు, మే నెల ఎండ, వైర్‌లెస్ సెక్యూరిటీ: కడప వైపు ఏ ఇంటికి ఏది?

ఒంటిమిట్ట రాములవారి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు. ఆ రోజు మా ఎర్రముక్కపల్లె వీధిలో సగం ఇళ్లకు తాళాలే. మూడేళ్ల కిందట మేమూ ఇంటిల్లిపాదీ పోయాం. వారం ముందే గేటు దగ్గర వైఫై కెమెరా పెట్టించాను కాబట్టి ధైర్యంగానే బయలుదేరాను. పందిట్లో కూర్చున్నప్పటి నుంచి ఫోను టింగుమంటూనే ఉంది. తీసి చూస్తే వేపకొమ్మ ఊగడం, పిల్లి గోడెక్కడం, పక్కింటి స్కూటరు లైటు. పదో పదకొండో వచ్చాక విసుగెత్తి నోటిఫికేషన్లు ఆపేశాను. తలంబ్రాలు చూసుకుని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరితే అంతా భద్రంగానే ఉంది. కానీ ఆ రాత్రి ఎవడైనా గోడ దూకి ఉంటే కెమెరా నాకు చెప్పేదే. నేనే వినేవాణ్ణి కాదు.

తర్వాత మూడు ఇళ్లకు ఈ పని నా మీదే పడింది. ఒకటి మా ఇల్లు. రెండోది మైదుకూరు దగ్గర పల్లెలో మా అత్తగారి పాత మిద్దె. మూడోది అనంతపురంలో మా చెల్లెలి అద్దె ఫ్లాటు. మూడింటికీ ఒకే సరుకు పనికిరాలేదు. షాపుకు పోయి "మంచి సిస్టమ్ ఏది?" అంటే కెమెరాల లెక్కలోనే చెబుతారు: రెండా, నాలుగా, ఎన్ని మెగాపిక్సెల్స్ అని. అంతకు ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. అది మోగితే ఎవరు లేస్తారు, ఎంతసేపట్లో ఎవరు వస్తారు? జవాబును బట్టి కొనే వస్తువే మారిపోతుంది.

వైర్‌లెస్ అని పేరే గాని

మామూలు వైఫై కెమెరాకు కరెంటు వైరు ఉంటుంది. బొమ్మ మాత్రమే గాలిలో పోతుంది, తిండి గోడలోని ప్లగ్గు నుంచే. ఇది తెలియక కెమెరా కొని, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, గోడ కొట్టించుకున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. ధర రెండు వేల నుంచి మూడున్నర వేల దాకా ఉంటుంది. నిజంగా వైరు లేనివి బ్యాటరీ కెమెరాలు, వాటిలోనే చిన్న సోలార్ పలకతో వచ్చేవి. ఇవి బ్యాటరీ మిగుల్చుకోవడానికి సాధారణంగా నిద్రలోనే ఉంటాయి, ఎదుట కదలిక కనిపిస్తేనే లేస్తాయి. అందుకే కొన్నిసార్లు మనిషి వచ్చింది దొరకదు, పోతున్న వీపు మాత్రం దొరుకుతుంది. ఇంటర్నెట్ లేనిచోట సిమ్ వేసుకునే 4జీ కెమెరాలున్నాయి.

ఇవన్నీ చూసే కళ్లు. నాలుగో రకానిది వేరే పని. దాన్ని అలారం కిట్ అంటారు: మధ్యలో ఒక హబ్ డబ్బా, తలుపులకు అతికించే అయస్కాంతపు సెన్సర్లు, గదిలో మనిషి కదలికను పట్టే సెన్సరు, చెవులు చిల్లులు పడే సైరన్, జేబులో వేసుకునే రిమోట్. బొమ్మ ఉండదు, మోత ఉంటుంది. మన జనం కెమెరా మీద పెట్టినంత మోజు దీని మీద పెట్టరు, ఫోనులో చూపించి మురిసిపోవడానికి ఇందులో ఏమీ ఉండదు కాబట్టి. నన్నడిగితే తాళం వేసి పోయే ఇంటికి ముందు కొనాల్సింది ఇదే. కెమెరా దొంగతనాన్ని రికార్డు చేస్తుంది, సైరన్ దొంగను తొందరపెడుతుంది.

మరి పాత పద్ధతిలో డీవీఆర్, అంటే రికార్డింగు దాచే డబ్బా, పెట్టి నాలుగు కెమెరాలకు వైర్లు లాగడం? సొంత ఇల్లు, కొత్తగా కడుతున్నారంటే నేను దానికే ఓటేస్తాను. గోడల్లో పైపులు ముందే వేయించుకోండి, వైఫై తలనొప్పులు ఉండవు. ఒకటే జాగ్రత్త, ఆ డీవీఆర్‌ను టీవీ కింద పెట్టకండి. దొంగలు పోతూపోతూ డీవీఆర్ కూడా ఎత్తుకుపోయారని పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? కట్టేసిన ఇంటికి, అద్దె ఇంటికి మాత్రం వైర్‌లెస్సే సుఖం.

మన ఎండకు ఏది నిలుస్తుంది

ఈ సంగతి యూట్యూబ్ రివ్యూల్లో దొరకదు. కదలిక పట్టే సెన్సరును పీఐఆర్ అంటారు. అది మనిషిని చూడదు, మనిషి ఒంటి వేడిని పసిగడుతుంది. ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ తేడా ఉండి, ఆ తేడా అటూ ఇటూ కదిలితేనే దానికి మనిషి వచ్చినట్టు లెక్క. మన చర్మం సుమారు 33-35 డిగ్రీలుంటుంది. చలికాలంలో గోడ 22 ఉంటే మనిషి దీపంలా వెలిగిపోతాడు. మే నెలలో కడపలో బయట 42, 43 దాటుతుంది. తలుపులు కిటికీలు మూసిన ఇంట్లో స్లాబు తాగిన వేడి రాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. అప్పుడు గోడ వేడీ ఒంటి వేడీ దాదాపు ఒకటే. సెన్సరు కళ్లు తెరిచే ఉంటుంది గాని ఏమీ ఆనదు.

ఇది చదివి నమ్మలేక ఒక మధ్యాహ్నం హాలు మూసేసి నేనే దొంగలా నడిచి చూశాను. సెన్సరు ఎదురుగా తిన్నగా నడిచిపోతే కిమ్మనలేదు. అడ్డంగా, గోడ వెంట నడిస్తే రెండోసారికి మోగింది. పీఐఆర్ గుణమే అది, తనవైపు తిన్నగా వచ్చే మనిషి కన్నా తన ముందు అడ్డంగా దాటేవాణ్ణి బాగా పడుతుంది. కాబట్టి దాన్ని తలుపుకు ఎదురుగా కొట్టకండి. తలుపులోంచి వచ్చినవాడు దాన్ని అడ్డంగా దాటేలా పక్క మూలలో, ఏడడుగుల ఎత్తున పెట్టండి. వేడిని బట్టి సున్నితత్వం పెంచుకునేవి, వేడితో పాటు మైక్రోవేవ్‌తో కూడా చూసేవి కొంచెం ఎక్కువ ధరకు దొరుకుతాయి. మన వైపు ఆ ఎక్కువ పెట్టడం దండగ కాదు.

తలుపుకు అతికించే అయస్కాంతపు సెన్సరుకు ఎండతో ఈ తంటా లేదు. రెండు ముక్కలు దూరమయ్యాయా, మోగిందా, అంతే. ఉన్న డబ్బు అన్నిటికీ చాలకపోతే కదలిక సెన్సర్లు తగ్గించి తలుపు సెన్సర్లు పెంచుకోవడం రాయలసీమలో తెలివైన పని. పాత ఇళ్ల రెండు రెక్కల టేకు తలుపులతో మాత్రం ఒక చిక్కుంది. గొళ్ళెం వేసినా అవి గాలికి అర అంగుళం కదులుతాయి. ముక్కల మధ్య ఎడం ఎక్కువైనా సహించే రకం అడిగి తీసుకోండి, ముందుగా తెరుచుకునే రెక్కకే అయస్కాంతం అతికించండి. మొదట నేను తప్పు రెక్కకు అతికించాను, అది తెరవకుండానే లోపలికి దర్జాగా రావచ్చని మా అబ్బాయి చూపించాడు.

కెమెరాలకూ ఎండ దెబ్బ ఉంది. చాలా ఇండోర్ కెమెరాల డబ్బా మీద 0 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. దాన్ని పడమటి వరండాలో తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బయటికి 50 డిగ్రీలు రాసి ఉన్నదే చూడండి. దుమ్ముకు, వానకు ఐపీ65 గాని ఐపీ66 గాని ఉండాలి. అందులో మొదటి 6 అంటే దుమ్ము చొరబడదని. సోలార్ కెమెరా కొంటే పలకను ఎండలో, కెమెరాను సజ్జ కింద నీడలో పెట్టండి, మధ్యలో వైరు ఇస్తారు. లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే చాలావాటిలో ఛార్జింగ్ తనంతట తానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సోలార్ కెమెరా ఛార్జి ఎక్కలేదంటే ఇదే కారణం.

రెండడుగుల గోడ, వైఫై

చౌక కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, 5కు కలవవు. రౌటరులో రెండూ ఒకే పేరుతో ఉంటే కొన్ని కెమెరాలు సెటప్పులోనే తిప్పలు పెడతాయి, పేర్లు వేరు చేసుకోండి. అయితే కొత్త ఇటుక గోడల ఇంట్లో దూసుకుపోయే సిగ్నల్ మట్టీ రాయీ కలిపి రెండడుగుల మందాన కట్టిన పాత గోడ దగ్గర చతికిలబడుతుంది. ఒక గోడ దాటితే సగం చస్తుంది, రెండో గోడకు ఊపిరి పోతుంది. రంధ్రాలు వేయించే ముందు కెమెరా పెట్టదలచిన చోట ఫోను పట్టుకుని, మొబైల్ డేటా ఆపి, వైఫై మీద పది నిమిషాలు వీడియో కాల్ మాట్లాడండి. అక్కడ బొమ్మ ఆగి ఆగి వస్తే కెమెరాదీ అదే గతి.

అలారం కిట్ల సెన్సర్లు సాధారణంగా 433 లేదా 865-868 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుకుంటాయి. తరంగం పొడవైనది కాబట్టి గోడలను ఇవి మెరుగ్గా దాటుతాయి. పాత మిద్దెలకు కిట్ నప్పడానికి ఇదీ ఒక కారణం. ఇక్కడే అమెరికా సరుకు సంగతి చెప్పాలి. మా మేనల్లుడు డాలస్ నుంచి వస్తూ "మామా, అక్కడ అందరూ ఇదే వాడతారు" అని ఒక కిట్ తెచ్చాడు. అక్కడి జీ-వేవ్ (సెన్సర్లూ హబ్బూ మాట్లాడుకునే ఒక వైర్‌లెస్ పద్ధతి) సెన్సర్లు 908 మెగాహెర్ట్జ్‌వి, మన దేశంలో జీ-వేవ్‌కు 865. అక్కడి సెన్సరు ఇక్కడి హబ్‌తో కలవదు, కిట్ మొత్తం తెచ్చినా ఆ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకునే వెసులుబాటు ఇక్కడ లేదు. అది ఇప్పుడు మా అటక మీద ఉంది. పిల్లలు ప్రేమగా తెస్తామంటే చాక్లెట్లు తెమ్మనండి.

మూడు ఇళ్లకు మూడు రకాలు

అత్తగారి ఊళ్లో ఇంటర్నెట్ లైను లేదు. ఇంట్లో ఉండేది అత్తా మామా ఇద్దరే. వేసవిలో మిద్దె మీద పడుకుంటారు, కింద ఇల్లు ఖాళీ. పైన వెలుతురు కోసం పెట్టిన గవాక్షి ఉంది, దానికి ఇనుప కమ్మీలు వేయించడమే నేను చేసిన మొదటి పని. ఖర్చు తక్కువ, బ్యాటరీ అక్కర్లేదు, రీచార్జి అసలే అక్కర్లేదు. ఆ తర్వాత సిమ్ వేసుకునే అలారం కిట్ పెట్టాను: ముందు తలుపు, పెరటి తలుపు, బీరువా ఉన్న గది తలుపు, మొత్తం మూడు సెన్సర్లు. సైరన్ బయట గోడకు ఎత్తున. హబ్‌లో బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా కొన్ని గంటలు నడుస్తుంది. మోగితే మొదటి ఫోను పక్కింటి చిన్నాయనకు, రెండోది నాకు. నేను కడప నుంచి కారేసుకుని పోయేసరికి దొంగ ఎక్కడుంటాడు? పక్కింటాయన కర్ర పట్టుకుని రెండు నిమిషాల్లో వస్తాడు.

ఈ సిమ్ కిట్ కొనేటప్పుడు ఒకటి అడగాలి: 2జీదా, 4జీదా? చౌకవి చాలా 2జీవే. జియోకు 2జీ లేదు, కాబట్టి వాటిలో జియో సిమ్ మూగదే. నేను ఆ సిమ్ వేసి గంటసేపు యాంటెనాను తిట్టుకున్నాను. మరొకటి, సిమ్‌కు రీచార్జి అయిపోతే కిట్ మనకు చెప్పలేదు, చెప్పాల్సిన నోరే అది. తేదీ ఫోనులో గుర్తు పెట్టుకోండి.

అత్తకు యాప్‌లూ పాస్‌వర్డులూ వద్దు. రిమోట్ బిళ్లకు ఎర్ర మీట ఉంది, నొక్కితే సైరన్ మోగుతుంది, మాకు ఫోన్లు వస్తాయి. "ఈ బిళ్ల నొక్కితే నువ్వు పలుకుతావా నాయనా?" అంది. నొక్కి చూడమన్నాను. సైరన్‌కు పెరట్లోని కోళ్లన్నీ లేచి గోడెక్కాయి, ఆమె మాత్రం చాలా తృప్తిపడింది. ఇప్పుడది తాళంచెవులతో పాటు ఆమె కొంగు ముడిలోనే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు హోం మోడ్ నొక్కుతుంది, అంటే తలుపు సెన్సర్లు మేలుకునే ఉంటాయి. ముసలివాళ్లుండే ఇంటికి నేనైతే కెమెరాను రెండో వరుసలో పెడతాను. అక్కడ 4జీ కెమెరా కూడా అనుకున్నాను గాని, లైవ్ చూస్తే గంటకు నాలుగైదు వందల ఎంబీ డేటా తాగుతుంది. ప్రతి నెలా ఇంకో రీచార్జి భారం ఎందుకని మానేశాను. పొలం దగ్గర మోటారుకు, కాపలా లేని షెడ్డుకు మాత్రం 4జీ సోలార్ కెమెరాను మించింది లేదు.

అనంతపురం ఫ్లాటు సంగతి సులువు. రెండో అంతస్తు, లోపలికి దారి ఒక్కటే తలుపు. చెల్లెలూ బావా ఇద్దరూ ఉద్యోగస్తులు, పాప నాలుగింటికి బడి నుంచి వస్తుంది. వీడియో డోర్‌బెల్ ఒకటి, తలుపు సెన్సరు ఒకటి, అంతే. బెల్లు కొట్టినవాళ్లతో చెల్లెలు ఆఫీసు నుంచే మాట్లాడుతుంది. పాప లోపలికి రాగానే ఆమె ఫోనుకు కబురు పోతుంది. గోడకు మేకు దిగితే యజమానికి గుండె ఆగుతుంది కాబట్టి అన్నీ అతికించేవే. ఇల్లు మారితే ఊడదీసుకుని పోవచ్చు.

మా ఇంటికి రెండూ ఉన్నాయి: గేటుకూ పెరటికీ వైఫై కెమెరాలు, లోపల కిట్. గేటు కెమెరాలో నేను మొదట చేసుకోనిది ఇప్పుడు చేశాను. మనిషిని గుర్తుపడితేనే కబురు పంపేలా మార్చాను, వేపచెట్టున్న భాగాన్ని జోన్ గీసి తీసేశాను. కబుర్లు రోజుకు ఇరవై నుంచి రెండో మూడో అయ్యాయి. రాత్రి చీకట్లో చూడడానికి కెమెరా వెలిగించే ఎర్రలైటుకు పురుగులు, పురుగుల కోసం బల్లి, ఆ పక్కనే సాలెగూడు చేరతాయి. వారానికోసారి గుడ్డతో తుడవకపోతే బల్లి పొట్ట తప్ప ఏమీ కనబడదు. 1080పీ రికార్డింగు రోజంతా పెడితే సుమారు 16 జీబీ అవుతుంది, అంటే 128 జీబీ కార్డుకు వారం పైచిలుకు. కార్డు మామూలుది వద్దు, సీసీ కెమెరాల కోసమే చేసిన హై ఎండ్యూరెన్స్‌ది తీసుకోండి. ఇల్లంతా ఇన్వర్టరున్నా రౌటరు ప్లగ్గు దాని లైనులో ఉందో లేదో చూసుకోండి. మాది లేదు. ఇన్వర్టరు లేనివాళ్లకు రౌటరుకు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది. కరెంటు పోతే కెమెరా కూడా ఆరిపోతుంది కాబట్టి దాని అడాప్టరునూ అదే ఇన్వర్టరు లైనుకు తిప్పించండి.

బిల్లు కట్టే ముందు

మొదటి కెమెరా బిగించిన కుర్రాడు పని చకచకా చేసి, యాప్ ఖాతా తన ఫోను నంబరుతోనే తెరిచి, మాకు "షేర్" చేసి పోయాడు. ఆరు నెలల తర్వాత రౌటరు మారిస్తే కెమెరా కలవలేదు. అసలు యజమాని అతనే, మేం చుట్టాలం. అంటే ఆరు నెలలు మా గుమ్మం అతనికీ కనబడుతూనే ఉంది! మొదటి సెటప్పు మీ నంబరుతో, మీ చేతులతో చేయించుకోండి. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డును ఆ పూటే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలను, రౌటర్లను ఇలా పాత పాస్‌వర్డులతోనే లొంగదీసుకుంది, వాటితోనే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టారు.

మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలు కేంద్రం పెట్టిన భద్రతా పరీక్షలు దాటితేనే అమ్మాలనే నిబంధన వచ్చింది. ఎస్‌టీక్యూసీ (కేంద్ర ఐటీ శాఖ పరీక్షా సంస్థ) పరీక్ష అయిందా, బీఐఎస్ గుర్తుందా అని అడగండి. పేరూ ఊరూ లేని చౌక డబ్బా మీద ఆ గుర్తు ఉండదు. క్లౌడ్‌లో దాచడానికి నెలనెలా కట్టాలా, కట్టకపోతే ఏమేమి ఆగిపోతాయి అన్నది కూడా ముందే తేల్చుకోండి. కొన్నింటిలో మనిషిని గుర్తుపట్టే సదుపాయమే ఆ చందాలో ఉంటుంది.

కెమెరా ఎటు చూస్తోందో కూడా గమనించాలి. మన వైపు వేసవిలో పక్కింటివాళ్లు మిద్దె మీద పడుకుంటారు, కొందరి స్నానాల గది పెరట్లో ఉంటుంది. ఒకరి ఒంటి మరుగు భాగాలను వాళ్ల అనుమతి లేకుండా తీస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. యాప్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగం నల్లగా కప్పేయండి. పక్కింటివాళ్లకు చూపించి మరీ కప్పితే ఇంకా మంచిది, రేపు వాళ్లే కదా రావాల్సింది.

ఈ కిట్లు మనం కొని పెట్టుకునేవి, మోగితే మనకే ఫోను చేస్తాయి, పోలీసులకు చేయవు. 112కు మనమే చేయాలి. పైసా ఖర్చు లేని దారి మరొకటుంది. ఏపీ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. ఊరెళ్లే ముందు యాప్‌లో నమోదు చేసుకుంటే వాళ్లే కెమెరా తెచ్చి ఇంట్లో పెడతారు, కదలిక కనబడితే కబురు వాళ్లకే పోతుంది. ఏడాదికి రెండు మూడుసార్లే ఊరెళ్లేవాళ్లు వేలు పోసే ముందు స్టేషనుకు వెళ్లి ఒకసారి అడగండి. ఒకవేళ దొంగతనమే జరిగితే కార్డు తీసి భద్రపరచండి, లేకపోతే వారం తర్వాత కొత్త రికార్డింగు దాని మీదే పడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో ఆ వీడియోకు ధ్రువీకరణ పత్రం జతపరచాలి. వాట్సాప్‌లో నలుగురికీ తిరిగిన ముక్క కన్నా అసలు కార్డుకు విలువెక్కువ.

కిట్ పెట్టిన రోజే సైరన్ ఒకసారి పూర్తిగా మోగించి చూడండి, వీధిలో ముందే చెప్పి. నేను చెప్పకుండా మోగించాను. ఎదురింటి అక్క పప్పుగుత్తి చేతిలో పట్టుకునే గేటు దాకా పరుగెత్తుకొచ్చింది, మిగతా ఎవరూ కిటికీ కూడా తీయలేదు. మా కిట్‌లో రెండో నంబరు ఇప్పుడు ఆమెదే.